ఉద్దానం 22 హెర్క్యులెస్: రంగు సంగతి తర్వాత, ముందు ఫ్రేము చూడండి

మీరు రాసినదాన్ని బట్టి విషయం ఇది. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, వజ్రపుకొత్తూరు వైపు మీ సొంతూళ్లో నాన్నగారి పాత హెర్క్యులెస్ సైకిలు ఉంది. మీరు కడ్డీ కిందనుంచి కాలు దూర్చి తొక్కడం నేర్చుకున్నది దానిమీదే. 2018లో తిత్లీ తుపానుకు పాక కూలి దానిమీద పడింది. అప్పటినుంచి పశువుల సాలలో ఎరువు బస్తాల పక్కన పడి ఉంది. ఇప్పుడు విజయనగరంలో మీ ఇంటికి తెచ్చుకున్నారు. 22 సైజు టైర్లు ఏ షాపులోనూ లేవన్నారు. మొత్తం గీకించి పౌడర్ కోటింగ్ (పొడి రంగు చల్లి, వేడితో పట్టించేది) వేయించి, క్రోము కూడా కొత్తగా పట్టించాలని ఉంది. ఇందులో ఇంట్లో ఎంతవరకు చేసుకోగలం అన్నది మీ ప్రశ్న.

తేలికైనది ముందు చెప్తాను. 22 అన్నది మీ టైరు సైజు కాదు, ఫ్రేము ఎత్తు. ఆ తరహా పెద్ద సైకిళ్లలో 22 అన్నా 24 అన్నా సీటు గొట్టం (సీటు కిందనుంచి పెడళ్ల దాకా దిగే ఫ్రేము గొట్టం) పొడవును బట్టి చెప్పే లెక్క. రెండింటికీ చక్రం ఒకటే, 28 × 1½. షాపులో కుర్రాడు మీరు 22 టైరు అడిగేసరికి పిల్లల సైకిలు అనుకుని ఉంటాడు. 28 × 1½ అని అడగండి. పాలవాళ్లు, గిన్నెలు అమ్మేవాళ్లు ఇంకా ఆ సైకిళ్లే తొక్కుతున్నారు కాబట్టి ఆ టైరు దొరకడానికి ఇబ్బంది ఉండదు. కొనేముందు పాత టైరు పక్కన అచ్చు గుద్దిన అంకె ఒకసారి చదవండి. సైకిలు టైర్లలో భిన్నంలో రాసిన సైజు వేరు, దశాంశంలో రాసిన సైజు వేరు. ఒకదాని టైరు రెండోదానికి ఎక్కదు.

ఇక రంగు. మీకు నచ్చకపోయినా చెప్తున్నాను: పౌడర్ కోటింగ్ వద్దు. కనీసం ఇప్పుడే వద్దు. ఆ పనికి ముందు గాలి ఒత్తిడితో ఇసుక కొట్టి ఫ్రేమును ఒలిచేస్తారు. దాంతో గొట్టాలమీది బంగారు గీతలు, హెర్క్యులెస్ అక్షరాలు, కంపెనీ అచ్చు, అన్నీ పోతాయి. ఫ్రేము నంబరు గుంటలు పౌడరుతో పూడిపోతాయి. మరల (త్రెడ్ల) మీద కూడా పౌడరు కూర్చుని, తర్వాత బీబీ (పెడళ్ల ఇరుసు తిరిగే గుండ్రటి భాగం) కప్పులు బిగించేటప్పుడు ఏడిపిస్తుంది. చివరికి చేతిలో ఉండేది నల్లగా నిగనిగలాడే సైకిలు ఒకటి. అది మీ నాన్నగారిదని చెప్పుకోవడానికి ఆనవాలు ఏదీ మిగలదు. అలాంటిది కావాలంటే కొత్తదే కొనుక్కోవచ్చు, ఆ తరహా సైకిళ్లు ఇంకా తయారవుతున్నాయి.

మీరు పంపిన ఫొటోలో సీటు గొట్టం మీద అచ్చు సగం కనిపిస్తోంది. తడిగుడ్డతో మెల్లగా తుడిచి చదవండి. హెర్క్యులెస్ ఇక్కడ తయారు చేసింది టీఐ సైకిల్స్. 1949లో మద్రాసులో మొదలైన కంపెనీ, ఫ్యాక్టరీ అంబత్తూరులో. ఊరి పేరు మద్రాస్ అని ఉంటే చాలావరకు 1996కి ముందుది అనుకోవచ్చు, చెన్నై అయింది అప్పుడే కదా. మేడ్ ఇన్ ఇంగ్లండ్ అని ఉంటే మాత్రం దేనిమీదా చేయి వేయకుండా ముందు నాకు చెప్పండి. ముందు కడ్డీకో హేండిలుకో సైకిలు పన్ను బిళ్ల వేలాడుతూ ఉంటే దాన్నీ పారేయొద్దు. ఒకప్పుడు సైకిలుకు కూడా పన్ను కట్టి బిళ్ల తగిలించుకోవాల్సి వచ్చేది. ఆ బిళ్ల మీద ఊరు, సంవత్సరం ఉంటాయి. మీ సైకిలుకు అంతకంటే మంచి పుట్టుక పత్రం దొరకదు.

రంగు గురించి ఆలోచించకుండా ముందు ఫ్రేము చూడండి. పాక మీద పడింది అన్నారు, నాకు టెన్షన్ అంతా అక్కడే. తుప్పు వదులుతుంది, ఒంగిన ఫోర్కు (ముందు చక్రాన్ని పట్టి ఉంచే రెండు కాళ్ల భాగం) మాత్రం మనిషిని పడేస్తుంది.

చక్రాలు తీసేసి ఒక పొడవాటి దారం తీసుకోండి. వెనక చక్రం కూర్చునే గాడిలో ఒక పక్క కట్టి, ముందు హేండిలు గొట్టం (హేండిలు దిగే ఫ్రేము గొట్టం) చుట్టూ తిప్పి తెచ్చి, వెనక రెండో పక్క గాడిలో బిగువుగా కట్టండి. ఇప్పుడు సీటు గొట్టానికి దారానికి మధ్య ఎడం రెండు వైపులా కొలవండి. రెండు మూడు మిల్లీమీటర్ల తేడా ఈ సైకిళ్లలో మామూలే. వేలు వెడల్పు తేడా వస్తే వెనకభాగం పక్కకు ఒరిగినట్టు. దాన్ని ఇంట్లో సరిచేయలేరు. అనుభవం ఉన్న మేస్త్రీ అయితే చల్లగా ఉన్నప్పుడే ఒత్తిపెట్టి సరిచేస్తాడు. గ్యాస్ మంట పెట్టి వంచుతానన్నవాడి దగ్గర వదలొద్దు, అతుకుల్లోని ఇత్తడి కరిగిపోతుంది.

తర్వాత పై గొట్టం, కింది గొట్టం హేండిలు గొట్టాన్ని కలిసేచోట, వెనకగా, అడుగు వైపున వేలితో తడమండి. రంగు ముడతలు పడి ఉన్నా, చిన్న ఉబ్బు తగిలినా ముందునుంచి గట్టి దెబ్బ తగిలిందని అర్థం. ఫోర్కును పక్కనుంచి చూడండి. దాని పైసగం హేండిలు గొట్టం వాలులోనే సాగి, కింద మాత్రమే ముందుకు వంపు తిరగాలి. మెడ దగ్గరే వెనక్కి ఒరిగి ఉంటే ఆ ఫోర్కును ఇక తొక్కే సైకిలుకు పెట్టొద్దు. వేరే ఫోర్కు దొరుకుతుంది. పాతదాన్ని జ్ఞాపకంగా గోడకు తగిలించుకోండి.

చివరగా స్క్రూడ్రైవర్ మొనతో పెడళ్ల దగ్గరి గుండ్రటి భాగం అడుగున, అక్కడినుంచి వెనక్కి వెళ్లే రెండు గొట్టాల మీద కొట్టి చూడండి. బురద నిలిచేది అక్కడే. టంగుమని మోగితే ఫర్వాలేదు. డబడబమన్నా, మొన లోపలికి దిగినా ఆ చోటు తినేసింది. సముద్రం గాలి ఒకటైతే, పశువుల మూత్రం, యూరియా బస్తాలు ఇంకోటి. ఆ మూత్రం, ఎరువు ఉప్పు రెండూ ఇనుముకు శత్రువులే. మీ సైకిలుకు మూడూ తగిలాయి కాబట్టి ఈ పరీక్ష తొందరగా ముగించొద్దు. చిల్లులు పడి ఉంటే అతుకు వేయించక తప్పదు. అప్పుడు రంగు కూడా వేయించాల్సిందే, నా మాట వెనక్కి తీసుకుంటాను.

ఇవన్నీ దాటితే విప్పడం. విప్పేముందు అన్ని వైపులనుంచీ ఫోన్‌లో ఫొటోలు తీసుకోండి, ముఖ్యంగా బ్రేకు కడ్డీలు. ఏ కడ్డీ దేనిలోంచి వెళ్లిందో వారం తర్వాత గుర్తుండదు. బిగిసిపోయిన ప్రతి నట్టు మీదా తుప్పు వదిలించే నూనె కొట్టి ఒక రాత్రి వదిలేయండి. సీటును మోసే కడ్డీ ఫ్రేములోంచి రాకపోతే ఇంకో రెండు రాత్రులు. బలం ఉపయోగించడం చివరి మార్గం. హేండిలు తీయడానికి పై బోల్టును నాలుగు మరలు వదులు చేసి, దానిమీద చెక్కముక్క పెట్టి సుత్తితో ఒక దెబ్బ కొడితే లోపలి బిరడా కిందికి దిగుతుంది. బోల్టు పూర్తిగా తీసేసి హేండిలును మెలిపెడితే రాదు. ఎడమ పెడలు మర తిరగేసి, అంటే మామూలు మరకు ఎదురు దిక్కులో, ఉంటుందని మరిచిపోవద్దు.

ఎక్కువమంది సైకిలు పాడుచేసుకునేది కాటర్ పిన్ను దగ్గర. పెడలు కాడను, అంటే క్రాంకును, బీబీ యాక్సిల్‌కు అడ్డంగా పట్టి ఉంచే పిన్ను అది. నట్టును పూర్తిగా తీయకుండా మర చివరకు సమంగా వచ్చేదాకా వదులు చేయండి. ఇప్పుడు క్రాంకు అడుగున, పిన్ను తల చుట్టూ ఆనేలా ఒక మందపాటి ఇనుప గొట్టాన్ని నేలమీదనుంచి నిలబెట్టండి. సుత్తి దెబ్బ ఆ గొట్టంలోంచి నేలలోకి పోవాలి. ఆ ఊతం లేకుండా కొడితే దెబ్బంతా లోపలి బాల్సు (బేరింగు గుండ్లు), కప్పుల మీద పడి గుంటలు పడతాయి. ఊతం పెట్టాక బరువైన సుత్తితో నట్టు మీద ఒక్క గట్టి దెబ్బ. చిన్న సుత్తితో ఇరవై దెబ్బలు కొడితే పిన్ను మర పుట్టగొడుగులా విచ్చుకుంటుంది, ఆ తర్వాత డ్రిల్లు పెట్టాల్సిందే. పాత పిన్నులు మళ్లీ వాడొద్దు, కొత్తవి చవకే. బిగించేటప్పుడు రెండు పిన్నులూ ఒకదానికొకటి ఎదురు దిక్కుల్లోకి చూడాలి. అప్పటికీ పెడళ్లు రెండూ ఒక గీతలోకి రాకపోతే పిన్ను చదును వైపును ఆకురాయితో కొద్దికొద్దిగా రాసి సరిచూడండి. మొదటిసారి అయిదారు కిలోమీటర్లు తొక్కాక పిన్ను ఇంకాస్త లోపలికి కూర్చుంటుంది, నట్టు మళ్లీ బిగించాలి. ఈ ఆఖరి పని చేయనివాళ్ల సైకిళ్లే తర్వాత రోడ్డు మీద టకటకమంటూ వస్తాయి.

ఎడమ వైపు బీబీ కప్పు విప్పితే చాలు. కుడివైపు కప్పును అలాగే ఉంచి లోపల తుడవండి. అది తిరగేసిన మర, చాలా గట్టిగా బిగించి ఉంటుంది, ఇంట్లో ఉన్న పానాలతో జారిపోయి పాడవుతుంది.

తుప్పుకు ఇంట్లో నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) చాలు. లీటరు నీళ్లకు 50 గ్రాములు కలిపి, ప్లాస్టిక్ బకెట్టులో క్రాంకులు, బ్రేకు కడ్డీలు, నట్లు బోల్టులు ముంచి గంటకోసారి తీసి చూస్తూ ఉండండి. తుప్పు వదలగానే వంటసోడా కలిపిన నీళ్లలో కడిగి, వెంటనే ఎండలో ఆరబెట్టి, నూనె గుడ్డతో తుడవాలి. రాత్రంతా వదిలేస్తే మంచి ఇనుమును కూడా తింటుంది. సీటు స్ప్రింగులు, బాల్సు, కోన్లు (ఇరుసు మీద బాల్సును ఆనుకుని ఉండే శంకువు ఆకారం నట్లు) మాత్రం ఆ నీళ్లలో వేయొద్దు. గట్టిపరిచిన ఉక్కు యాసిడ్‌లో పెళుసెక్కి, బరువు పడ్డప్పుడు విరుగుతుంది. బాత్రూం యాసిడ్ మాట ఎవరైనా ఎత్తితే వినకండి. దాని ఆవిరికి ఆ గదిలో ఉన్న మిగతా ఇనుప సామాన్లు కూడా తెల్లారేసరికి ఎర్రబారతాయి.

క్రోము మీద ఎర్ర చుక్కలకు వంటింటి అల్యూమినియం రేకును ఉండచుట్టి, నీళ్లలో తడిపి రుద్దండి. చుక్కలు చాలావరకు పోతాయి, క్రోము గీసుకోదు. పెచ్చులు లేచిన చోట మాత్రం ఏమీ చేయలేం, నూనె తడి ఉంచడమే. కొత్త క్రోము వద్దంటున్నది ఖర్చు చూసి కాదు. నికెల్ పొర సరిగా వేయకుండా పైపైన మెరుపు పట్టించి ఇచ్చేస్తున్నారు కొందరు. మీరుండే తీర ప్రాంతంలో అది ఒక వానాకాలం నిలవదు.

హేండిలు ముందున్న బిళ్ల ఇత్తడిదైతే బుడితి బిందెను తోమినట్టు చింతపండుతో తోమాలని చేయి దురద పెడుతుంది. తోమొద్దు. అక్షరాల మధ్య గుంటల్లో ఉన్న రంగు పోతుంది. సబ్బునీళ్లు, మెత్తటి గుడ్డ, అంతే.

ఫ్రేముకూ ఇదే పద్ధతి. సబ్బునీళ్లతో కడిగి, ఆరాక కారు పాలిష్ తక్కువగా వేసి గుడ్డతో రుద్దితే చచ్చిపోయిందనుకున్న నలుపు బయటికొస్తుంది. బంగారు గీతల మీద రుద్దొద్దు, వాటి పక్కన ఆగండి. రంగు లేచి తుప్పు బయటపడ్డ చోట్ల మాత్రం ఆ మేరకే వాటర్ పేపరుతో రాసి, రెడ్ ఆక్సైడ్ వేసి, ఆరాక సన్న కుంచెతో నల్ల ఎనామెల్ అద్దండి. ఈ పని సంక్రాంతి ముందూ వెనకా పెట్టుకుంటే మంచిది, గాలిలో తేమ తక్కువ. చివరగా సీటు గొట్టంలోంచి గ్లాసుడు ఇంజన్ ఆయిల్ పోసి ఫ్రేమును అన్ని వైపులా తిప్పి, మిగిలిన ఆయిల్‌ను బయటికి వంపేయండి. తుప్పు లోపలినుంచి తినేదాన్ని ఇది ఆపుతుంది. బయటి మెరుగు చూసుకుని ఈ పని వదిలేస్తారు చాలామంది.

ఉద్దానం మనిషికి కొబ్బరి నూనె వద్దని చెప్పడం కష్టమే. బయట రాస్తే దుమ్ము పట్టడం తప్ప నష్టం లేదు. బేరింగుల్లో, ఫ్రీవీలులో (వెనక చక్రానికి ఉండే, చైను పట్టే పళ్ల చక్రం) మాత్రం వద్దు. 24 డిగ్రీల దగ్గర అది గడ్డకడుతుంది. మన జనవరి రాత్రులు అంతకంటే చల్లగా ఉంటాయి, పొద్దున్నే సైకిలు తీస్తే తిరగదు.

బేరింగుల ఓవరాయిలింగ్, అంటే విప్పి కడిగి కొత్త గ్రీజుతో బిగించడం, ఇంట్లో హాయిగా చేసుకోవచ్చు, సైకిలు నడకలో తేడా వచ్చేది కూడా దీనివల్లే. కిరసనాయిలు దొరకకపోతే డీజిలుతో కడగండి. బాల్సు అన్నీ కొత్తవి వేయండి, పాతా కొత్తా కలపొద్దు. మామూలుగా ముందు హబ్బుకు (చక్రం నడుమ పుల్లలు పట్టే భాగం) పక్కకు 10 చొప్పున 3/16 అంగుళం, వెనక హబ్బుకు పక్కకు 9 చొప్పున పావు అంగుళం, బీబీకి పక్కకు 11 చొప్పున పావు అంగుళం పడతాయి. అయినా మీదాన్లోంచి వచ్చినవి కొలిచి, లెక్కపెట్టి వాటినే నమ్మండి. కోను మీద వేలి గోరు గీసి చూడండి, గుంట తగిలితే మార్చాలి. గ్రీజు ధారాళంగా పెట్టండి. కోను బిగింపు అలవాటు కావడానికి కొంచెం ఓపిక కావాలి. చక్రం ఫ్రేములో పెట్టకముందు యాక్సిల్‌కు పిసరంత కదలిక ఉండాలి, బయటి నట్లు బిగించాక ఆ కదలిక పోవాలి. ముందే పూర్తిగా బిగిస్తే బాల్సు నలిగిపోతాయి. ఫ్రీవీలులో మాత్రం గ్రీజు వద్దు, లోపలి పళ్లు అంటుకుపోయి వట్టిగా తిరుగుతుంది. డీజిలుతో కడిగి పల్చటి మెషిన్ ఆయిల్ చుక్కలు వేస్తే టిక్కుటిక్కుమంటుంది.

నట్లు పోతే మోటారు సైకిలు షాపులో దొరికినవి పట్టించొద్దు. మీ ఇరుసుల మర అంగుళానికి 26 చుట్లు, అది సైకిలు మర. వేరే నట్టు రెండు చుట్లు ఎక్కి, ఇరుసును కోసేసి ఆగిపోతుంది.

చైను అరిగిందో లేదో స్కేలుతో తెలుస్తుంది. ఒక పిన్నును సున్నా అనుకుని దాని మధ్యనుంచి లెక్కపెడితే 24వ పిన్ను మధ్యకు సరిగ్గా 12 అంగుళాలు రావాలి. 12⅛ దాటితే చైను మార్చాలి, దానితోపాటు ఫ్రీవీలు కూడా. ఫ్రీవీలు విప్పడం షాపు పని. చక్రాల బెండు తీయడం కూడా మొదటిసారి షాపులోనే చేయించండి, పక్కన నిలబడి చూడండి. రిమ్ము మార్చాల్సి వస్తే కన్నాలు లెక్కపెట్టి కొనండి. ఈ తరహా సైకిళ్లకు ముందు 32, వెనక 40 పుల్లలు ఉంటాయి, 36 కన్నాల రిమ్ము మీ హబ్బుకు కుదరదు.

బ్రేకు రబ్బర్లు ఎలా ఉన్నా మార్చండి, ఏళ్ల తరబడి పడి ఉన్న రబ్బరు రాయిలా అవుతుంది. కొత్తవి వేసినా కడ్డీ బ్రేకు మీద ఆశలు ఎక్కువ పెట్టుకోవద్దు. క్రోము రిమ్ము తడిస్తే ఆ బ్రేకు సగం కూడా పట్టదు. మీ అమ్మాయి కూడా తొక్కుతుందని రాశారు కాబట్టి ఇది ఆమెకు ముందే చెప్పాలి. డైనమో 6 వోల్టులది. దాని కరెంటు తిరిగొచ్చేది ఫ్రేములోంచే. బల్బు వెలగకపోతే బిగింపు స్క్రూ ఆనే చోట రంగు, తుప్పు గీకి చూడండి. వైరు తప్పు కంటే అదే ఎక్కువసార్లు కారణం.

ఖర్చంతా టైర్లు, ట్యూబులు, బాల్సు, పిన్నులు, రబ్బర్ల మీదే. కొత్త చైను, ఫ్రీవీలు పడినా పౌడర్ కోటింగ్, క్రోముకు మీరు అనుకున్నదానిలో సగం కూడా కాకపోవచ్చు. వస్తువుల కోసం పెద్ద షోరూములకు వెళ్లొద్దు. పాతకాలం షాపుల అటకల మీద, సంతల్లో కూర్చుని రిపేరు చేసే ముసలి మేస్త్రీల పెట్టెల్లో మీకు కావలసినవి ఉంటాయి. పాత వస్తువును చేతిలో పట్టుకుని వెళ్లండి, పేరు చెప్పి అడిగితే ఒక్కొక్కరు ఒక్కోటి తీసి ఇస్తారు.

మీరు పంపిన మూడు ఫొటోలూ ముందునుంచి తీసినవే. వాటిలో ఫోర్కు వంపు తెలియడం లేదు. చక్రం తీసేసి, సరిగ్గా పక్కనుంచి, హేండిలు గొట్టం మొత్తం కనపడేలా ఒకటి తీసి పెట్టండి. అది చూశాక టైర్లు కొనొచ్చో లేదో చెప్తాను. అప్పటిదాకా కొనకండి.